ఇంటర్వ్యూకు వారం ముందు గుర్తొచ్చే మొటిమలు

నోటిఫికేషన్ పడింది. అప్లికేషన్‌కు పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలి. అచ్చంపేటలో ఫొటో స్టూడియోకు వెళ్లి కూర్చోగానే మీలో చాలామంది అనే మాట ఒకటే: "అన్నా, మొఖం మీద గవి కొంచెం సాఫ్ చెయ్యవా?" ఆయన కంప్యూటర్‌లో రెండు నిమిషాల్లో సాఫ్ చేసి ఇస్తాడు. అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. ఇంటికి పోతూ మందుల షాపు ముందు ఆగి, "మొటిమలకు మంచి క్రీమ్ ఏదైనా ఇయ్యండి" అంటారు చూడండి, నా అభ్యంతరమంతా ఆ మాట మీదే.

అలా చేతికొచ్చే ట్యూబుల్లో కొన్నింటిలో స్టిరాయిడ్ ఉంటుంది. రాసిన నాలుగు రోజులకే ఎరుపు తగ్గుతుంది, ముఖం తెల్లబడినట్టు, నున్నబడినట్టు కనిపిస్తుంది. "భలే పనిచేసింది" అని హాస్టల్‌లో పక్క రూమువాళ్లకు కూడా చెప్తారు. కొన్ని వారాలు పోయాక అసలు కథ మొదలవుతుంది. చర్మం పలచబడుతుంది. సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. ఎండలోకి వెళ్తే మంట. కొందరికి ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. క్రీమ్ ఆపితే మొటిమలు ముందుకన్నా ఎక్కువగా వస్తాయి కాబట్టి మళ్లీ అదే రాస్తారు. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అనే పేర్లలో ఏది కనిపించినా మొటిమలకు దాన్ని రాయకండి. ఇలాంటి పూత మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకుండా కేంద్ర ప్రభుత్వం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కానీ అడిగేవాళ్లున్నంత కాలం ఇచ్చేవాళ్లూ ఉంటారు.

"వయసు మీద వచ్చినవి, అవే పోతాయి" అని ఇంట్లో పెద్దలంటారు. చాలామందికి నిజమే, పోతాయి. పోతూ ఏం వదిలి పోతాయన్నదే ప్రశ్న. మొటిమ తగ్గాక మిగిలే నల్ల మచ్చ నెలల మీద దానంతటదే పలచబడుతుంది. గుంట అలా కాదు. లోపల వాపు చర్మం అడుగు పొరను తినేస్తే పడేది గుంట, అది తనంతట పూడదు. దాన్ని కొంతవరకైనా సరిచేయాలంటే మైక్రోనీడ్లింగ్, లేజర్, సబ్‌సిషన్ లాంటివి పలు దఫాలు చేయించుకోవాలి, అంటే డబ్బు, హైదరాబాద్ ప్రయాణాలు. అవి చేసినా పూర్వపు చర్మం రాదు. ముట్టుకుంటే నొప్పి పుట్టే గట్టి గడ్డల్లాంటి మొటిమలు వస్తున్నా, ఒక్క గుంట పడ్డట్టు కనిపించినా ఇక ఆగకూడదు. మీ అమ్మకో నాన్నకో ఇలాంటి గుంటలుంటే మరీ తొందరపడాలి.

చర్మ వైద్యులు చాలామందికి మొదట రాసేవి పెద్ద మందులేం కావు. బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రి పూట అడాపలీన్ జెల్. జెల్ శనగగింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయాలి, మొటిమ మీద మాత్రమే చుక్క పెడితే చాలదు. మొదటి రెండు మూడు వారాలు ముఖం పొడిబారుతుంది, పొట్టు లేస్తుంది, మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. మనవాళ్లు ఎక్కువమంది మానేసేది సరిగ్గా ఇక్కడే. ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. (బెంజాయిల్ పెరాక్సైడ్ దిండు గలీబు రంగు పోగొడుతుంది, పాతది వాడుకోండి.) తీవ్రంగా ఉంటే కొన్నాళ్లు యాంటీబయాటిక్ మాత్రలు, అప్పటికీ లొంగకపోతే ఐసోట్రెటినాయిన్. ఈ చివరిది రక్త పరీక్షలతో, డాక్టర్ కనిపెట్టి ఉండగా వాడాల్సిన మందు. గర్భిణులు వాడితే బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. స్నేహితురాలి చీటీ ఫొటో తీసుకుని కొనుక్కునే మందు కాదది.

డాక్టర్ అడక్కముందే మీరే చెప్పాల్సినవీ ఉన్నాయి. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం జిమ్‌కు పోతూ వే ప్రొటీన్ తాగుతుంటే చెప్పండి, కొందరికి దానితో మొటిమలు పెరుగుతాయి. నెలసరి సరిగా రాకపోతే సిగ్గుపడకుండా ఆ మాటా చెప్పండి, కారణం హార్మోన్లలో ఉండొచ్చు. సెలవుల్లో పల్లి చేనులో పని చేస్తారా? ఎండ మచ్చలను ఇంకా నల్లగా చేస్తుంది, సన్‌స్క్రీన్ ఏది వాడాలో అడగండి. ఇక నిమ్మరసం, టూత్‌పేస్ట్, గోటితో గిల్లడం, వీటి గురించి ఎక్కువ రాయను. గిల్లితే గుంట పడే అవకాశం మీరే పెంచుకున్నట్టు, అంతే.

"మన దగ్గర స్కిన్ డాక్టర్ ఎక్కడున్నడు?" అంటారు. నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది, మహబూబ్‌నగర్‌లో అంతకుముందు నుంచే ఉంది. చర్మవ్యాధుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని బస్సెక్కండి. కోచింగ్ కోసం అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉంటే ఉస్మానియా, గాంధీ ఉండనే ఉన్నాయి. ఒక ఫేషియల్‌కు పెట్టే డబ్బు ఈ పనికి పెట్టండి.

మొటిమలున్నాయని ఉద్యోగం పోదు. బోర్డులో కూర్చున్నవాళ్లు చూసేది మీ జవాబు. కాకపోతే ముఖం దాచుకోవాలని తల వంచుకుని, చెంప మీద చెయ్యి పెట్టుకుని చెప్పే జవాబు సగం వాళ్లకు వినిపించదు. ఇంటర్వ్యూ వారంలో కొత్త క్రీమ్ ఏదీ మొదలుపెట్టవద్దు. ఈ నెల మొదలుపెడితే మూడు నెలల తర్వాతి ఇంటర్వ్యూకు పనికొస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ రాసిన ట్యూబులన్నీ, సగం వాడినవి కూడా, ఒక సంచిలో వేసుకుపోండి. స్టిరాయిడ్ క్రీమ్ రాసి ఉంటే ఎన్ని నెలలు రాశారో దాచకండి, దాన్ని ఎలా మానాలో కూడా ఆయనే చెప్తారు.