గృహలక్ష్మి సొమ్ము తేదీ తప్పరాదు

గృహలక్ష్మి పథకము జనులను సోమరులను చేయుచున్నదని మన వర్తకులలోనే కొందరనుచున్నారు. వారిని మేమొక్కటి అడుగుచున్నాము: నెలకు 2,000 రూపాయలతో ఏ కుటుంబము కూర్చుండి తినగలదు? మన చిక్కబళ్ళాపురము జిల్లాలో జీవనది లేదు. వాన తప్పినచో కూలి లేదు. 2023 ఆగస్టు 30న ఆరంభమై యజమానురాలి ఖాతాకు చేరుచున్న ఈ సొమ్ము మాత్రము వానను నమ్ముకొన్నది కాదు. అది వేళకు వచ్చినచో ఇల్లాలు నూనె, పప్పు, మందులు రొక్కమిచ్చి కొనును. రానిచో వడ్డీకి తెచ్చును. ఆలస్యముగా రెండు కంతులు కలిపి ఇచ్చినను, నడుమ పెరిగిన వడ్డీని ఎవరు తీర్తురు?

సొమ్ము ఆగుట ఒక అన్యాయము; ఏల ఆగెనో తెలియకుండుట మరియొకటి. ఖాతాకు ఆధార్ జతపడలేదని కన్నడములో వచ్చిన సందేశమును బాగేపల్లి, చింతామణి పల్లెలలోని తెలుగు తల్లి ఎట్లు చదువగలదు? అల్పసంఖ్యాక భాషవారు నూటికి 15 నుండి 20 మంది ఉన్నచోట ముఖ్య ప్రకటనలు వారి భాషలోను వెలువరించుట మేలని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రము చెప్పుచున్నది. కన్నడమును వలదనుట లేదు. దాని ప్రక్కన తెలుగును కూడ ఉంచుడనుచున్నాము. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము అర్జీని తెలుగులోనే ఇచ్చుటకు హక్కు కలదు. చదువు నేర్చిన సోదరులారా, సొమ్మాగిన ప్రతి ఇల్లాలి పక్షమున నేడే అర్జీ వ్రాయుడు!