కందకానికి అటూ ఇటూ

మా మునగాల వైపు సంసారాలలో హైదరాబాదు ప్రయాణానికి కారణాలు మూడే: పెళ్ళి, వైద్యం, ఆఫీసు పని. మూడింటిలో దేనికోసం బయలుదేరినా పిల్లల దగ్గర నాలుగో కారణం ఒకటి సిద్ధంగా ఉంటుంది. "నాన్నా, ఈసారి జూ తప్పదు" అంటారు. పెద్దల పని వాయిదా పడితే పడవచ్చు గాని ఈ మాట పడడానికి వీల్లేదు.

మాఘమాసంలో మా తోడల్లుడి గారి అమ్మాయి పెళ్ళికని నలుగురమూ బస్సెక్కాము. సూర్యాపేట దాటకముందే మా చిన్నవాడు, మూడో తరగతి, చూడవలసిన జంతువుల జాబితా చదవడం మొదలుపెట్టాడు. పెళ్ళి ఆదివారం అయింది. సోమవారం జూకు సెలవని తెలిసి వాడు అన్నం మానేసినంత పని చేశాడు. "పోనీలేరా, వాటికి కూడా వారానికొక రోజు మన బాధ తప్పాలిగా" అని మా ఆవిడ ఊరడించింది. నవ్వుతూ అన్న మాటే గాని, అందులో ఎంత అర్థమున్నదో మర్నాడు తెలిసింది.

ఈ జూ కథ కొంచెం చెప్పుకోవాలి. పూర్వం హైదరాబాదు జంతువులు బాగేఆంలో, అంటే పబ్లిక్ గార్డెన్సులో ఉండేవి. 1959లో మీరాలం చెరువు పక్కన కొత్త జూకు శ్రీకారం చుట్టి, 1963 అక్టోబరు 6న నెహ్రూ గారి పేరుతో ప్రజలకు తెరిచారు. సుమారు 380 ఎకరాల స్థలం. పిల్లల కాళ్ళకు అది చిన్న రాజ్యమే. ఉదయమే వెళ్ళడం మంచిది. ఎండ ముదిరితే పులీ నిద్రపోతుంది, పిల్లలూ చంకెక్కుతారు.

పులి దగ్గరకు వెళ్ళేసరికి మా చిన్నవాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఊచలు లేవు! మనకూ దానికీ మధ్య లోతైన కందకం మాత్రమే ఉన్నది. 1907లో జర్మనీలో హాంబర్గు నగరం దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ అనే ఆయన ఇలాంటి కందకాలతో జంతుశాల నెలకొల్పాడు. మృగాన్ని బోనులో పెట్టి చూపడం కన్నా నేల మీద తిరగనిచ్చి చూపడం మేలని అప్పటినుంచి లోకం నెమ్మదిగా ఒప్పుకున్నది.

మొసళ్ళ దగ్గర నాకు ఉత్సాహం వచ్చింది. నేను ఏటా క్లాసులో పోతన గారి గజేంద్రమోక్షం చెప్పేవాణ్ణి గదా! "ఒరే, ఏనుగును పట్టింది ఇదేరా" అన్నాను. వాడు కాసేపు చూసి, "ఇది బొమ్మ నాన్నా" అని తేల్చాడు. అంతలో ఆ బొమ్మ ఒక కన్ను తెరిచి మూసింది. తరువాత అరగంటసేపు వాడి నోట మాట లేదు.

సింహం దగ్గర మాత్రం మరొక వేడుక జరుగుతున్నది. నలుగురైదుగురు కుర్రాళ్ళు, చూడబోతే కాలేజీ వాళ్ళే, నిద్రపోతున్న సింహాన్ని లేపాలని ఈలలు వేస్తున్నారు. ఒకడు ఖాళీ నీళ్ళ సీసా పైకెత్తాడు. నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయి, ఏడో తరగతి, ముందుకు వెళ్ళింది. "అన్నయ్యా, మధ్యాహ్నం మీరు పడుకుంటే మీ ఇంటి ముందు నిలబడి మేము ఇలా ఈలలు వెయ్యమా?" అన్నది. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సీసా సంచీలోకి పోయింది.

"ఈ కందకం మనల్ని సింహం నుంచి కాపాడడానికా, సింహాన్ని మన నుంచా?" అని ఆ పిల్ల నన్నడిగింది. రెండింటికీ అనే చెప్పాను. 2021 మేలో ఈ జూలోనే ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్లు పరీక్షలలో తేలింది. మన దేశంలో జంతువులకు అది సోకినట్లు తెలియడం అదే మొదలు. అవి కోలుకున్నాయి, అదృష్టం. మన జబ్బులకూ మన సరదాలకూ కూడా కందకం కావాలి మరి.

"ఇవి ఎప్పటికైనా ఇంటికి పోతాయా నాన్నా?" ఇది చిన్నవాడి ప్రశ్న. దీనికి నిజం చెప్పాలంటే రెండు కథలు చెప్పాలి. బాగేఆం నుంచి 1963లో ఇక్కడికి వచ్చిన గాలపాగోస్ తాబేలు ఒకటి 2024లో కన్నుమూసింది. దాని వయసు 125 ఏళ్ళని జూవారి లెక్క. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రపు దీవుల జాతిది, మన ఊళ్ళో ముసలిదై పోయింది. దానికి తిరుగు ప్రయాణం లేదు.

రెండోది మూషిక జింక కథ. కొమ్ములుండవు. రెండు మూడు కిలోలు తూగుతుంది. మన దేశపు గిట్టల జంతువులలో దీనికన్నా చిన్నది లేదు. అడవులలో అరుదైపోతున్నదని 2010లో ఈ జూలో, సీసీఎంబీ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో, దీని సంతతిని పెంచడం మొదలుపెట్టారు. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవికి తీసుకువెళ్ళి విడిచారు. కృష్ణ ఒడ్డున మనకు ఎగువనే ఉన్న అడవి అది. "అయితే కొన్ని పోతాయన్నమాట!" అని వాడు చప్పట్లు కొట్టాడు.

జూ మంచిదా చెడ్డదా అని పెద్దలు వాదించుకుంటూనే ఉంటారు. ఆ వాదానికి కొలబద్ద ఆ పసివాడి ప్రశ్నలోనే ఉన్నదని నాకు తోస్తుంది. ఎన్ని జంతువులను తెచ్చారు అన్నదానితోపాటు, ఎన్నిటిని అడవికి తిరిగి ఇచ్చారు అని కూడా అడగాలి. తిరిగి పోలేని వాటికి కడుపునిండా తిండి, నీడ, ఇంత నిశ్శబ్దం బాకీ ఉన్నాము. మొదటి రెండూ జూవారు ఇస్తారు. మూడోది ఇవ్వవలసినది టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళే మనమే. పిల్లలకు పులిహోర పొట్లంతోపాటు ఈ ఒక్క మాటా కట్టి ఇవ్వండి.