ఓపికకు సబ్సిడీ లేదు

2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. నూనె ప్యాకెట్టు ధర చూసి మనమంతా గొణుక్కున్నాం. దసరాకి వచ్చిన మా ఆడపడుచు కొడుకు మాత్రం హుషారుగా, "అత్తయ్యా! గెల ధర పెరిగింది. ఉద్యోగం మానేసి మన అయిదెకరాల్లో పామాయిల్ వేసేస్తా" అన్నాడు. అమ్మ నగలు తాకట్టు పెట్టి బోరు వేయిస్తాడట! మా ఆడపడుచు మొహంలో నెత్తుటిచుక్క లేదు.

వాడి ఆలోచన తప్పని అనను. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తోంది. అందుకే 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ పథకం తెచ్చింది. మొక్కలకు సబ్సిడీ ఉంది. సలహా చెప్పడానికి ఏలూరు జిల్లా పెదవేగిలో పరిశోధన సంస్థ ఉంది. ఓపికకు మాత్రం ఎవరూ సబ్సిడీ ఇవ్వరు కదా!

గెలలు చేతికొచ్చేది నాలుగో ఏట. అందాకా ఇల్లు గడిచేదెలా? మధ్యలో అరటో, కూరగాయలో వేసి, వాటిని అమ్ముకోవడం తెలియాలి. ఇక నీళ్లు. ఎకరాకు సుమారు 57 చెట్లు. ఎదిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్లనుకున్నా, అయిదెకరాలకు 57 వేల లీటర్లు! బోరు అంత ఇస్తుందా?

కోసిన గెల 24 గంటల్లోగా ఫ్యాక్టరీ చేరాలి, లేకపోతే నూనె నాణ్యత చెడుతుంది. మన దగ్గర ఏ ప్రాంతం గెలలు ఏ ఫ్యాక్టరీకో ముందే కేటాయించి ఉంటుంది. నచ్చిన చోట అమ్ముకుందామంటే కుదరదు. కాబట్టి గెల కోసే మనిషి, ట్రాక్టరు, రోడ్డు అన్నీ ముందే చూసుకోవాలి. ఒప్పందం కాగితం అక్షరం వదలకుండా చదవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ధర పడిపోయినా నిలబడేలా లెక్క వేసుకోవడం. 2025 మే నెలాఖరులో అదే సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. మన వంటింటికి ఊరట, తోటలో రైతుకు గుబులు. పాతికేళ్లుండే తోటని ఒక్క ఏడాది ధర చూసి వేస్తామా?

"ఇవన్నీ కాగితం మీద రాసి మీ అమ్మకి చూపించు. ఆవిడ సరేనన్నాకే నగల మాట ఎత్తు" అన్నాను. నాలుగేళ్లు ఇల్లు ఈదాల్సింది ఆవిడే మరి. వాడు రెండు రాత్రులు కూర్చుని రాశాడు. ముందు రెండెకరాలే, అదీ ఉద్యోగం మానకుండా అని తేల్చాడు. నగలు బీరువాలోనే ఉన్నాయి.

మీ ఇంట్లో కుర్రాళ్లు తోట వేస్తామంటే కాదనకండి. లెక్క మాత్రం అడగండి.