కందెన వేసిన ఊరు

కర్నూలు నగరమునకు పునాది ఎవరు వేసిరని అడిగినచో ఒకరు అచ్యుతదేవరాయల కోటను చూపుదురు, మరియొకరు నవాబుల పేరు చెప్పుదురు. మేము మాత్రము బండ్లు తోలినవారి పక్షము వహింపదలచితిమి. అలంపురములో గుడులు కట్టుటకు రాళ్లు మోసిన బండ్లవారు తుంగభద్రను దాటుటకు ముందు ఇచ్చట ఆగి, ఇరుసులకు కందెన వేసికొనెడివారట. కందనవోలు అను పేరు అందువలననే వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఐతిహ్యమే కావచ్చును, కాని రాజును గాక కూలివానిని తలచుకొను ఐతిహ్యము ఎన్ని ఊళ్లకున్నది?

ఊరికంటె ముందే ఈ సీమకు అక్షరములు తెలియును. పత్తికొండ సమీపమున రాజులమందగిరిలో అశోకుని బ్రాహ్మీ శాసనము రాతిపై ఉన్నది.

హంద్రి గట్టుననున్న అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి విషయమున మాకొక ఫిర్యాదు కలదు. గోల్ గుమ్మజ్ అను పేరు విని, అది బీజాపూరు గోల్ గుంబజ్‌కు నకలని మన విద్యార్థులే చెప్పగా విన్నాము. ఇది 1618 నాటి కట్టడము. బీజాపూరుది పూర్తియైనది 1656లో. 38 సంవత్సరములు ముందు పుట్టినది నకలెట్లగును? ఎవరును తేదీలు చూడరు, అంతే.

1839లో ఆయుధములు రహస్యముగా కూడబెట్టెనను నెపమున ఆంగ్లేయులు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవీచ్యుతుని చేసిరి. 1953 అక్టోబరు 1న ఇదే ఊరు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని యైనది. గుడారములలో కచేరీలు నడచినవి. మూడేండ్లకే ఆ వైభవము హైదరాబాదు చేరినది. అది పాత బాధ, విడిచెదము.

మా అసలు మనవి వేరు. శ్రీశైలం జలాశయమున మునుగవలసిన రూపాల సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి జగన్నాథగట్టుపై నిలిపిరి. రాతిగుడికి ఆ భాగ్యము కలిగినది. 2009 అక్టోబరు వరదలో ఇండ్లలోని ట్రంకుపెట్టెలలో తడిసిన కాగితములకు కలుగలేదు. మిగిలిన ఇనాం పత్రములు, దస్తావేజులు నేటికిని కొన్ని ఇండ్లలో ఉన్నవి. తెలుగు ఇండ్లలోని ఫారసీ కాగితము ఆ ఇంటివారికి చదువరాదు; ఉర్దూ విద్యార్థికి పాత తెలుగు లిపి తెలియదు. మన కళాశాలలో ఇరువురును ఒకే బల్లపై కూర్చుందురు గదా! సెలవులలో జంటలుగా పోయి నకళ్లు వ్రాసి తెచ్చుటకు కమిటీవారు అనుమతింపవలెను. బీరువా ఒకటి, నోటుపుస్తకములు పది చాలును. బీరువాను మాత్రము పై అంతస్తులో ఉంచవలెను. నీరు ఎంతవరకు వచ్చునో 2009లో చూచితిమి.