సేవాక్లబ్బులో అడగరాని ప్రశ్న

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. మా ఊరి సేవాక్లబ్బువారు పిలిస్తే నేను వెళ్లాను. "గురజాడ - సేవాధర్మం" అనే విషయం మీద 20 నిమిషాలు మాట్లాడాను. శాలువా కప్పించుకున్నాను, జ్ఞాపిక పుచ్చుకున్నాను, భోజనం కూడా చేశాను. కాబట్టి ఈ వ్యాసంలో నేను ఎవరినైనా నిందిస్తే, ఆ నిందలో మొదటి వాటా నాదే.

ఆ సభ ఎట్లా జరిగిందో చెబుతాను. హోటలులో చల్లని హాలు. అధ్యక్షులవారు మెడలో పతకాల దండతో వచ్చి గంట మోగించారు. జాతీయగీతం అయింది, జ్యోతి ప్రజ్వలన అయింది. ఆలస్యంగా వచ్చిన సభ్యుడికి సరదాగా జరిమానా వేశారు, అతను నవ్వుతూ డబ్బాలో వేశాడు. ఒక సభ్యుడి పెళ్లిరోజు, ఇంకొకరి కొడుకు అమెరికా ప్రయాణం చప్పట్లు అందుకున్నాయి. ఆహ్వానపత్రం నెత్తిన "దేశభక్తి" గేయంలోంచి పొరుగువాడికి తోడ్పడమన్న చరణం అచ్చువేశారు. 1910 నాటి ఆ గేయంలోనే గురజాడ మనుషుల తిండి గురించీ, ఒంట్లో బలం గురించీ, దేశంలో సరుకులు తయారుకావడం గురించీ కూడా చెప్పాడు. ఆ చరణాలకు ఆహ్వానపత్రంలో చోటు దొరకలేదు. ఆ సంగతి ఆ రోజు నేనూ ఎత్తలేదు. గిరీశం ఇప్పుడుంటే నాటకాల జోలికి పోయేవాడు కాడు, ఇటువంటి క్లబ్బుకు కార్యదర్శి అయివుండేవాడు.

అసలు కార్యక్రమం నా ఉపన్యాసం తరవాత మొదలయింది. క్లబ్బు జరిపించిన కంటి శిబిరంలో శుక్లాల ఆపరేషను అయినవాళ్లను వేదిక మీదికి పిలిచారు. ముసలివాళ్లు నల్లకళ్లద్దాలతో వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతికి దుప్పటీ ఇచ్చారు. దుప్పటి ఒక కొస దాత చేతిలోనూ, రెండో కొస ముసలమ్మ చేతిలోనూ ఉండగా ఫొటో తీశారు. ఫొటో సరిగ్గా రాలేదని ఒకామె చేతిలోంచి దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. ఆమెకు కూడా తోచినట్టు లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

భోజనం చేసి దిగివస్తుంటే మెట్ల దగ్గర ఒకామె కూర్చుని ఉన్నది. నలభై ఏళ్లుంటాయి. ఎడమకంట్లో పువ్వు.

"నీకు ఆపరేషను చేయలేదా అమ్మా?" అన్నాను.

"నాది శుక్లం కాదంట బాబుగారూ. ఇది పువ్వంట. ఈళ్ల లిస్టులో లేదంట" అన్నది.

ఆమె ఉప్పుడు బియ్యం మిల్లులో కూలి. కళ్లం ఊడుస్తూ ఉండగా వడ్లపొట్టు ఎగిరి కంట్లో పడింది. నలిపింది. సాయంత్రం దాకా పనిచేసింది, మానేస్తే కూలి పోతుంది మరి. మూడోనాటికి కన్ను ఎర్రబడి తెరుచుకోలేదు. మందులషాపులో ఏవో చుక్కలు కొనుక్కుని వేసుకున్నది. పెద్దాసుపత్రికి పోయేసరికి నల్లగుడ్డు మీద పుండు పడి మచ్చ కట్టింది.

ఏ మిల్లమ్మా అని అడిగాను. చెప్పింది. ఆ మిల్లు మా అధ్యక్షులవారిదే.

ఆయన దుర్మార్గుడని చెప్పడానికి నేనీ సంగతి రాయటంలేదు. ఆయన మర్యాదస్తుడు, నన్ను "మాస్టారూ" అని ఆప్యాయంగా పిలుస్తాడు. శిబిరానికి తన జేబులోంచి డబ్బు పెట్టాడు, ఆ డబ్బుతో కొందరికి చూపు వచ్చింది. ఇవన్నీ నిజాలే. నా వాదం మనిషి మంచిచెడ్డల గురించి కాదు. శుక్లానికీ పువ్వుకూ ఉన్న తేడా గురించి.

శుక్లం చాలామందికి వయసుతో వస్తుంది. అది ఎవరినీ వేలెత్తి చూపదు. దాన్ని తొలగించినవాడు దాత అవుతాడు. వడ్లపొట్టు వల్ల కంట్లో వేసిన పువ్వు అట్లా కాదు. దానికో చిరునామా ఉన్నది. పలానా మిల్లులో, పలానా రోజున, దుమ్ము పీల్చే యంత్రం పెట్టనందువల్ల, కంటికి అడ్డం అద్దాలు ఇవ్వనందువల్ల వచ్చింది. దాన్ని పట్టించుకున్నవాడు దాత కాలేడు, జవాబుదారీ అవుతాడు. క్లబ్బు శిబిరం పెట్టేటప్పుడు ఏ జబ్బును ఎంచుకుంటుందో చూడండి. నిందితుడు లేని జబ్బునే ఎంచుకుంటుంది. ఇదంతా ఎవరో కూర్చుని పన్నిన కుట్ర కాదు. క్లబ్బు అనేది తయారయిన తీరే అది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 14వ సెక్షను దుమ్మును అదుపు చేయాలన్నది. 35వ సెక్షను కంటికి ముప్పున్న పనుల్లో అద్దాలు, తెరలు పెట్టించడానికి ప్రభుత్వానికి అధికారమిచ్చింది. 2025 నవంబరులో ఆ చట్టం పోయి కొత్త కార్మిక కోడ్ అమలులోకి వచ్చింది. కాగితం మారింది. కళ్లంలో పొట్టు మాత్రం ఎగురుతూనే ఉన్నది. ఈ సంగతి క్లబ్బు సభలో ఎత్తితే ఏమవుతుంది? "ఇక్కడ రాజకీయాలు వద్దు మాస్టారూ" అంటారు. సేవాక్లబ్బుల మొదటి నియమం అదే. మంత్రిగారు ముఖ్యఅతిథిగా వస్తే అది రాజకీయం కాదు. పరిశ్రమలకు రాయితీలు కావాలని ఆయన చేతికి వినతిపత్రం ఇస్తే అదీ కాదు. కూలిదాని కంటికి అద్దాలు అడిగితే మాత్రం రాజకీయం!

ఇది మా ఊరి వింత కాదు. 1905లో షికాగోలో రోటరీని స్థాపించిన నలుగురిలో పాల్ హారిస్ లాయరు, తక్కినవారు ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక బట్టల దర్జీ వ్యాపారి. వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలుసుకునేవారు గనుక ఆ పేరు వచ్చింది. ఒక్కొక్క వృత్తి నుంచి ఒక్కొక్కరు చేరి ఒకరి వ్యాపారానికి ఒకరు సాయపడటం తొలినాళ్ల ఆకర్షణ. సేవ తరవాత వచ్చి చేరింది. 1917లో లయన్స్ సంస్థను పెట్టిన మెల్విన్ జోన్స్ బీమా వ్యాపారి. వ్యాపారం ముందుగా ఒక సంఘసేవ, లాభం తరవాతి మాట అనే భావాన్ని ప్రచారం చేయటమే రోటరీ అసలు కార్యక్రమమని ముస్సోలినీ జైలులో ఉన్న గ్రామ్సీ తన నోటుపుస్తకాల్లో గమనించాడు.

రోటరీవారు గౌరవంగా చెప్పుకునే నాలుగు ప్రశ్నలున్నాయి. 1932లో దివాలా అంచున ఉన్న ఒక అల్యూమినియం సామాన్ల కంపెనీని నిలబెట్టడానికి హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి రాసిన ప్రశ్నలవి. మన పని సత్యమా, సంబంధించిన అందరికీ న్యాయమా, స్నేహాన్ని పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని అడగాలట. మంచి ప్రశ్నలే. నేను వాటిని వెక్కిరించను. అయితే ఆ "అందరూ" ఎవరు? మెట్ల మీద కూర్చున్న ఆమె ఆ అందరిలో ఉన్నదా? ఉన్నట్టయితే రెండో ప్రశ్న దగ్గరే గంట ఆగిపోవలసి ఉంటుంది.

అతిథి ఉపన్యాసకుల సంగతికి వస్తాను. ఈ క్లబ్బులకు ప్రపంచంలో అందరికన్నా పెద్ద అతిథిగా వచ్చినది హెలెన్ కెల్లర్. 1925లో ఒహాయో రాష్ట్రంలో జరిగిన లయన్స్ మహాసభలో ఆమె మాట్లాడింది. అంధుల పక్షాన వీరులై నిలబడమని సభ్యులను అడిగింది. నివారించగల అంధత్వమనేదే లేని రోజు త్వరగా రావాలన్నది. లయన్స్ సంస్థ కంటి సేవకు ఇంతగా పూనుకోవటానికి మూలం ఆ ఉపన్యాసమే.

కాని ఆమె అంతకు ముందే చెప్పిన మాటలున్నాయి. 1909లో ఆమె అమెరికా సోషలిస్టు పార్టీలో చేరింది. అంధత్వం మనిషి చేతిలో లేని దురదృష్టమని మొదట అనుకునేదట. అంధుల స్థితిగతులు విచారించే కమిషనులో పనిచేశాక, అందులో చాలాభాగం పరిశ్రమల్లోని చెడ్డ పరిస్థితుల వల్లా, యజమానుల స్వార్థం వల్లా వస్తున్నదని తెలుసుకున్నానని చెప్పింది. అంతవరకూ ఆమె తెలివిని ఆకాశానికెత్తిన ఒక పత్రికా సంపాదకుడు, ఆమె సోషలిస్టు అని తెలియగానే, ఆమె పొరపాట్లకు ఆమె అంగవైకల్యమే కారణమని రాశాడు. 1924 నుంచి ఆమె అంధుల సంస్థకు విరాళాలు కూడగట్టే పనిలో పడింది. సోషలిజం గురించి మాట్లాడటం తగ్గింది. చందా అడిగే నోటికి ఎంత బరువు పడుతుందో ఇంతకన్నా రుజువు కావాలా? క్లబ్బులవారు ఆమె రెండు మాటల్లో ఒకదాన్ని పుచ్చుకున్నారు. గుడ్డివారికి తోడ్పడమన్న మాట జెండా అయింది. గుడ్డితనం ఎక్కడ తయారవుతున్నదో చెప్పిన మాట గల్లంతయింది.

"మీరు అన్నిట్లోనూ తప్పులే వెతుకుతారు, పోలియో సంగతి చెప్పరేం?" అని కొందరు అడుగుతారు. చెబుతాను. 1985 నుంచి పోలియో నిర్మూలనకు రోటరీ ఇచ్చిన డబ్బూ, పూనికా కొట్టిపారేయదగినవి కావు. మనదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో నమోదయింది. 2014 మార్చిలో మన ప్రాంతం పోలియో రహితమని ధృవీకరణ వచ్చింది. ఇది మానవజాతి గర్వించదగిన పని. అయితే ఆ చుక్కలు ఇంటింటికీ మోసినదెవరు? అంగన్‌వాడీ అక్కలు, ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు వేతనం కోసం, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 40 రోజులకు పైగా సమ్మె చేశారు. ప్రభుత్వం వారి మీద ఎస్మా ప్రయోగించింది. పోలియో ఆదివారాల్లో వారి పక్కన నిలబడి ఫొటో దిగిన మా క్లబ్బు ఆ 40 రోజుల్లో ఒక్క అంగన్‌వాడీ అక్కనైనా అతిథి ఉపన్యాసకురాలిగా పిలవలేదు. వారి దీక్షా శిబిరం ఆ హోటలుకు కూతవేటు దూరంలోనే ఉన్నది.

దాతల డబ్బు సంగతి కూడా ఒకమాట. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలయింది. ఉచితంగా శుక్లాలు తీసే స్వచ్ఛంద ఆసుపత్రులకు ఆ కార్యక్రమం కింద ఆపరేషనుకు ఇంతని ప్రభుత్వ గ్రాంటు ఇస్తూ వచ్చారు. అంటే అటువంటి చోట, దుప్పటి కప్పించుకున్న ముసలమ్మ తాను అగ్గిపెట్టె కొన్నప్పుడు కట్టిన పన్నుతో కూడా ఆపరేషను చేయించుకుంటున్నది. కృతజ్ఞత మాత్రం బ్యానరు మీద పేరున్న పెద్దమనిషికి చెప్పుకుంటున్నది. హక్కు భిక్షగా మారడమంటే ఇదే.

దీనికి వేరే దారి ఉన్నదని మన ప్రాంతమే చూపింది. 1914లో బెజవాడలో సభ చేసిన గ్రంథాలయోద్యమం దాతల చందాలతోనే నడక ప్రారంభించింది. కాని అక్కడ ఆగలేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టంతో ఆస్తిపన్ను మీద సెస్సు గ్రంథాలయాలకు చెందవలసిన సొమ్ము అయింది. దయ చట్టమయింది. ఇప్పుడేమో మునిసిపాలిటీలు ఆ సెస్సును గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం మన పట్టణాల్లో అందరూ ఎరిగినదే. బకాయి మాట ఎత్తని మా క్లబ్బు శాఖా గ్రంథాలయానికి ఒక బీరువా దానం చేసింది. బీరువా మీద దాత పేరు, లోపలి పుస్తకాల పేర్లకన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నది. చట్టం మళ్లీ దయ అవుతున్నది.

ఇక మనవైపు. మనం సభల్లో తీర్మానాలు చేసి ఇంటికి పోతూ ఉంటే, ముసలమ్మ కంటికి శుక్లం తీయించినవాడినే ఆమె తలుచుకుంటుంది. అందుకు ఆమెను తప్పుపట్టే హక్కు మనకు లేదు. సుందరయ్యగారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపినప్పుడు, ఉద్యమం వైద్యం చేయగలదని జనానికి తెలిసింది. అక్కడ రోగి ఫొటోకు నిలబడనక్కరలేదు. అటువంటివి ఎన్ని పెట్టాం? పెట్టినవాటిని ఎన్నింటిని నిలబెట్టుకున్నాం? సేవను క్లబ్బులకు అప్పగించి, విమర్శ మాత్రం మన దగ్గర ఉంచుకున్నాం. ఇదీ ఒకరకం శ్రమ విభజనే.

కాబట్టి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నేను చెప్పేది క్లబ్బులను బహిష్కరించమని కాదు. పిలిస్తే వెళ్లండి. శిబిరంలో చూపు వచ్చినవారిని చూసి సంతోషించండి. కాని మీకిచ్చిన 20 నిమిషాల్లో ఒక నిమిషం మిగుల్చుకోండి. మీ మిల్లుల్లో ఎంతమందికి కళ్లద్దాలు ఇచ్చారు, ఎంతమందికి పొట్టు తగిలి పువ్వు వేసింది, వారి వైద్యానికి ఎవరు డబ్బు కట్టారు అని అడగండి. ఆ ప్రశ్న నేను ఆ రోజు అడగలేదు. భోజనమయ్యాక మెట్ల మీద తెలిసింది గనుక అడగలేదని సమాధానం చెప్పుకోవచ్చు. అది అబద్ధం. ఈ ఊళ్లో ముప్పయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నవాడిని. మిల్లుల్లో పొట్టు ఎగురుతుందని నాకు తెలియదా?

ఆ మరునాడు ఆమెను వెంటబెట్టుకుని అధ్యక్షులవారి దగ్గరికి వెళ్లాను. "క్లబ్బు తరపున ఏదైనా చూద్దాం మాస్టారూ" అన్నాడు ఆయన.

"క్లబ్బు తరపున వద్దండి. మిల్లు తరపున చూడండి" అన్నాను.

ఆ తరవాత నాకు క్లబ్బు నుంచి ఆహ్వానం రాలేదు. మా ఊళ్లోని మిల్లు కూలీలు మాత్రం కళ్లద్దాల కోసం, దుమ్ము యంత్రాల కోసం ఒక మహజరు రాస్తున్నారు. అందులో మొదటి వేలిముద్ర ఆమెది.