బటగైకా గుంతను ఎవరు తవ్వారు?

పర్మాఫ్రాస్ట్ మాటెత్తితే చాలు, అందరూ ఒకటే పాట అందుకుంటారు: ఉత్తరాన వేల ఏళ్లుగా చెక్కుచెదరని ఫ్రిజ్ ఉంది, దాని తలుపు తెరుచుకుంది, ఇక మీథేన్ బాంబు పేలడమే తరువాయి. వినడానికి భలే ఉంటుంది. అందులో నేల సంగతి మాత్రం ఉండదు.

వరసగా రెండేళ్లు సున్నా డిగ్రీలు దాటని నేల ఏదైనా పర్మాఫ్రాస్టే, మంచు బొత్తిగా లేని బండరాయి సహా. ఆ రాయి వేడెక్కితే కొంప మునగదు. గొడవంతా లోపల మంచు ఎంతుందన్న దగ్గరే. సైబీరియా చలికి నేల నెర్రెలు విచ్చుతుంది. వసంతంలో కరిగిన నీళ్లు నెర్రెల్లోకి దిగి గడ్డకడతాయి. వచ్చే చలికాలం మళ్లీ అక్కడే పగులు. ఏడాదికి మిల్లీమీటర్లే, కానీ వేల ఏళ్లకు మీటర్ల మందాన మంచు గోడలు లేస్తాయి. చెక్కుచెదరనిది ఇదేనా?

కరగడమూ కొత్త కాదు. దాదాపు పదివేల ఏళ్ల కిందట, మంచుయుగం ముగిశాక, సైబీరియాలోని యకూటియాలో ఇలాంటి నేల కుంగి చెరువులైంది, ఆ చెరువులు ఎండి పచ్చిక బయళ్లయ్యాయి. వాటిని అలాస్ అంటారు. ఆ ప్రాంతపు సఖా జనం నేటికీ అక్కడ గడ్డి కోసి పశువులనూ గుర్రాలనూ సాకుతున్నారు.

‘చూశారా, ఎప్పుడూ ఉన్నదే’ అని వాతావరణ మార్పును కొట్టిపారేసేవారు నా భుజం తట్టనక్కర్లేదు. ఈ నేలలో ఉన్న కర్బనం గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. అయితే అది ఒక్కసారిగా పేలదు, దశాబ్దాలు, శతాబ్దాల తరబడి కారుతుంది. ఎక్కడ ఎంత వేగంగా అన్నది పైకప్పును బట్టి ఉంటుంది. యకూటియాలోనే కిలోమీటరు పొడవున నోరు తెరిచిన బటగైకా గుంతకు మొదలు, 1960ల ప్రాంతంలో అక్కడ అడవి కొట్టేయడం. చెట్ల నీడ పోయింది, నేలను కప్పిన నాచు పోయింది, ఎండ నేరుగా లోపలి మంచుకు తగిలింది. పెరిగిన వేడి ఆ గాయాన్ని మాననివ్వడం లేదు.

బాంబు కథతో ఇంకో సౌకర్యం ఉంది: చేసినవాడు కనిపించడు. 2020 మేలో రష్యాలోని నొరిల్స్క్‌లో ట్యాంకు కూలి దాదాపు 20 వేల టన్నుల డీజిల్ నేలా నదుల పాలైతే, కంపెనీ తప్పును కరిగే నేల మీదికి నెట్టింది. పునాదుల కింద నేల ఎలా ఉందో కనిపెట్టుకోవాల్సింది ట్యాంకు యజమాని కాదా? 2021లో కోర్టు 14,600 కోట్ల రూబుళ్లకు పైగా కట్టమంది, కంపెనీ కట్టింది.