పాత మందిరానికి డబ్బు ఎక్కడిది?



మేము ఆరాధించే పల్లె మందిరం మీలో కొందరు చూసినదే. రాతి పునాది, గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకులు. స్వాతంత్ర్యానికి ముందు, మన తాతల కాలంలో లేచింది. కట్టినవాళ్ళకు జీతాల్లేవు, బ్యాంకు పుస్తకాల్లేవు. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు తల్లులు తీసి పక్కన పెట్టిన గుప్పెడు బియ్యమే అప్పటి బిల్డింగ్ ఫండ్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పడమటి వైపు పెంకులను ఊడ్చుకుపోయింది. ఆ వైపు టార్పాలిన్ కట్టుకుని ఆరాధన చేసుకుంటూ వస్తున్నాము.

గత నెల సంఘ పెద్దల కూటంలో మాట తేలాలి అన్నారు. పడగొట్టి స్లాబు వేయడమా, ఉన్నదాన్ని బాగుచేయడమా? ఒక దాత కొత్తదానికైతే ఇస్తారట, ముందు గోడ మీద శిలాఫలకం ఉండాలట. పాతదాని మరమ్మతుకైతే రూపాయి కూడా ఇవ్వరట. మా యౌవనస్థులు కూడా స్లాబు వైపే. "అయ్యగారూ, దేవుడు చేతులతో కట్టిన ఆలయాల్లో నివసించడని స్తెఫను చెప్పలేదా?" అని ఒక తమ్ముడు మమ్మల్నే అడిగాడు. చెప్పాడు, నిజమే. అయితే ఆ మాట పాత గోడకూ కొత్త స్లాబుకూ సమానంగానే వర్తిస్తుంది కదా.

బాగుచేయడమే న్యాయమని మా అభిప్రాయం. మే నెలలో మధ్యాహ్నం ఆ పెంకుల కింద కూర్చున్నవాళ్ళకు కారణం వేరే చెప్పనక్కరలేదు. అయితే మా తప్పు కూడా ముందే ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం గోడ పెచ్చులు ఊడుతున్నాయని మేమే సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాము. సున్నపు గోడ ఊపిరి పీల్చుకునే గోడ. నేలలోంచి ఎక్కిన చెమ్మను అది బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పూసి, ఇటుకను తినేస్తుంది. ఖర్చుపెట్టి జబ్బు కొనుక్కున్నాము. ఇప్పుడు ఆ సిమెంటు గీకించి మళ్ళీ సున్నం పూయించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం ఒక కష్టం, దొరికితే ఆయనకు కూలి ఇవ్వడం ఇంకో కష్టం.

మరి డబ్బు ఎక్కడిది?

మన పక్కనే శ్రీముఖలింగం ఆలయాలను, శాలిహుండం బౌద్ధ స్తూపాలను కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతోంది. 1958 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళకు తక్కువ కానిదై, జాతీయ ప్రాముఖ్యత గలదని ప్రకటించబడిన కట్టడానికే ఆ నీడ. దేవాదాయ శాఖ కింద ఉన్న పల్లె గుడులకు సర్వశ్రేయోనిధి ఉంది, ఊరివాళ్ళు తమ వాటా చూపిస్తే మిగతాది అక్కడినుండి వస్తుంది. మన రాష్ట్ర క్రైస్తవ మైనారిటీల ఆర్థిక సంస్థ కూడా మందిరాల నిర్మాణానికి, మరమ్మతులకు సాయం చేసే పథకం నడిపింది. ఇవి గాక 1996లో కేంద్రం పెట్టిన జాతీయ సాంస్కృతిక నిధి ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి, ఆ ఖర్చుల జాబితాలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ కూడా రాసి ఉంది. చారిత్రక ప్రాముఖ్యత గలదని కేంద్రం నోటిఫై చేసిన గుడికి గానీ మసీదుకు గానీ చర్చికి గానీ మరమ్మతు కోసం ఇచ్చే విరాళానికి ఆదాయపు పన్ను చట్టంలోనే రాయితీ పెట్టారు.

దారులు లేవని ఎవరూ అనలేరు. ఆ దారుల్లో నడవడానికి మనకు కాళ్ళు లేవు. మేము ఫోన్ చేసిన ప్రతిచోటా మూడే అడిగారు. స్థలం ఎవరి పేరున ఉంది? మీ సంఘం రిజిస్టర్ అయిందా? గత మూడేళ్ళ ఆడిట్ లెక్కలు ఉన్నాయా? మూడింటికీ మేము నోరు వెళ్ళబెట్టాము.

మొదటి ప్రశ్న వెనుక పెద్ద కథ ఉంది. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. 1874లో కెనడా బాప్తిస్టు మిషనరీలు కాకినాడలో పని మొదలుపెట్టి, తర్వాత ఉత్తరంగా బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి వరకు వచ్చారు. అప్పటి స్థలాలు మిషను పేరున కొన్నవి. దొరలు వెళ్ళిపోయారు, దస్తావేజులు చేతులు మారాయి. ఇవాళ ఎన్నో ఊళ్ళలో ఆరాధించేవారు ఒకరు, కాగితం మీద పేరు మరొకరిది. ఆ సందులోనే మిషను స్థలాలు ఎలా కరిగిపోయాయో మీకు తెలియనిది కాదు.

ఇక్కడ ఎజ్రా గ్రంథం అయిదు, ఆరు అధ్యాయాలు ఒకసారి తీయండి. యెరూషలేములో మందిరపు పని సాగుతుంటే అధికారి తత్తెనై వచ్చి, ఎవరిచ్చారు మీకు సెలవు అని అడిగాడు. పెద్దలు కోరెషు రాజు ఆజ్ఞను జ్ఞాపకం చేశారు. దర్యావేషు దస్తావేజుల కొట్టులో వెదకించాడు, గ్రంథపు చుట్ట దొరికింది. దొరికాక పని ఆపొద్దన్నాడు, అంతటితో ఊరుకోక ఖర్చు రాజు పన్నుల సొమ్ములోంచి ఇమ్మన్నాడు. ప్రార్థన చేసినవాళ్ళకే కాగితం కూడా కావలసివచ్చింది. ఈ సంగతి మీద ప్రసంగం మేము ఎక్కడా వినలేదు, మేమూ చేయలేదు.

కాగితాలు కుదిరాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. గ్రాంటు అనేది సామాన్యంగా విడతల్లో వస్తుంది. మొదటి విడత ఖర్చుపెట్టి, బిల్లులతో యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తేనే రెండోది. మధ్యలో మేస్త్రి శనివారం కూలి ఎవరు ఇవ్వాలి? బ్యాంకుకు వెళ్తే తాకట్టు అడుగుతుంది, మన పేరున లేని స్థలాన్ని తాకట్టు పెట్టలేము. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్తే నెహెమ్యా అయిదో అధ్యాయంలో జనులు పెట్టిన మొరే మనదీ అవుతుంది. విదేశాల్లోని పాత మిషను సంఘాలు పంపుతాయా అంటే, 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మారాక ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు అందించే వీలు లేదు.

ఈ చిక్కును బ్రిటన్‌లో గమనించారు. అక్కడ 1976 నుండి ఆర్కిటెక్చరల్ హెరిటేజ్ ఫండ్ అనే నిధి పనిచేస్తోంది. పాత కట్టడాన్ని బాగుచేసే ధర్మసంస్థలకు అది గ్రాంటుతో పాటు అప్పు కూడా ఇస్తుంది. తిరిగి వచ్చిన సొమ్ము ఇంకో ఊరి కట్టడానికి వెళ్తుంది. గ్రాంటు ఒక్క గోడతో అయిపోతుంది. అప్పు తిరిగివస్తే పది గోడలను చూస్తుంది. మన దేశంలో సంఘాలకూ ట్రస్టులకూ ఇలాంటి చిన్న అప్పు ఇచ్చే చోటు మాకు కనబడలేదు.

అయితే అది మనకు తెలియని విద్య ఏమీ కాదు. మన సంఘాల్లో సగంమంది అక్కలు, అమ్మలు డ్వాక్రా సంఘాల్లో ఉన్నారు. పొదుపు, తీర్మానాల పుస్తకం, వాయిదా, సంతకం, ఇవన్నీ వాళ్ళ వేళ్ళ మీద ఉన్నాయి. వాయిదా తప్పితే ఇంటి ముందుకు వచ్చి కూర్చుంటారు. మనం మాత్రం కానుకల లెక్క మగవాళ్ళ జేబు నోటుబుక్కులో దాస్తాము! నరసన్నపేట, జలుమూరు, పోలాకి చుట్టుపక్కల ఇలాంటి పాత మందిరాలున్న సంఘాలు కలిసి, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఒక చిన్న నిధి పెట్టుకోవచ్చునని మా ఆలోచన. పేరు ఏ శాఖదైనా సరే. లెక్క రాసేది అక్కలు. అప్పు మరమ్మతుకే, కొత్త స్లాబుకు కాదు. దీనికి పాస్టర్లు అడ్డం పడవచ్చు, మాలోనే అలాంటి జంకు మొదట ఉండింది.

యోవాషు రాజు సంగతి మమ్మల్ని గద్దిస్తోంది. యాజకులు సొమ్ము తీసుకుంటూనే ఉన్నారు, రాజ్యం ఇరవై మూడో ఏడు వచ్చినా మందిరపు పగుళ్ళు అలాగే ఉన్నాయి. అప్పుడు యెహోయాదా పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం పక్కన పెట్టాడు. రాజు లేఖకుడూ ప్రధాన యాజకుడూ కలిసి లెక్కపెట్టి, సొమ్మును పని చేయించేవాళ్ళ చేతికి ఇచ్చారు. అక్కడినుండి అది వడ్రంగులకూ తాపీవాళ్ళకూ అందింది. యాజకులు దొంగలని వాక్యం అనలేదు. వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం పని జరగలేదని మాత్రం రాసింది.

మా మందిరంలో కూడా పెట్టె పెట్టాము. తాళాలు రెండు, ఒకటి మా దగ్గర, ఇంకొకటి డ్వాక్రా లీడరుగా ఉన్న సహోదరి దగ్గర. నెల చివరి ఆదివారం అందరి ముందు తెరిచి లెక్క గోడకు అంటిస్తాము. శిలాఫలకం అడిగిన దాతకు నెమ్మదిగా జవాబు చెప్పాము, ఆయన ఇంకా అలకలో ఉన్నారు. వచ్చే సోమవారం పాత దస్తావేజు నకలు కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తున్నాము. మీ తాతల ట్రంకు పెట్టెల్లో మందిరం స్థలానికి సంబంధించిన రసీదు గానీ, శిస్తు కాగితం గానీ, పాత ఫోటో గానీ ఉంటే పారేయకండి, ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు తెచ్చి చూపించండి.